విడిచిన అగ్ని

నల్లగొండ, పాలమూరు సీమల వారికి ఎండను గూర్చి వర్ణించి చెప్పవలసిన పని లేదు. ఎర్రచెలకలు, వాని నడుమ నల్లరాతి గుట్టలు, వానకాలమున తప్ప తడి యెరుగని వాగులు, ఇదియే ఆ ప్రాంతపు రూపము. పగలంతయు కాగిన పరుపుబండ రాత్రి రెండు జాములు గడచినను చల్లారదు. భరణి కార్తెలో మొదలైన వేడిమి కృత్తికలో ముదిరి, రోహిణిలో రోళ్లు పగులునన్న సామెతను నిజము చేయును. కృత్తికకు అధిదేవత అగ్ని. ఎండలు 45 డిగ్రీలను దాటుట ఈ జిల్లాలలో అరుదైన వార్త కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి రెండువేలమందికి అటునిటుగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఎక్కువమంది ఎండలో పని మానుటకు వీలులేని కూలీలు, వృద్ధులు.

ఎండ ముదిరిన కొలది ఇంకొక భయము పొంచి యుండును. పడమటి నుండి వచ్చు పొడిగాలియు, బంగాళాఖాతము నుండి వచ్చు తేమగాలియు ఈ పీఠభూమి మీద కలిసికొనునప్పుడు మధ్యాహ్నము దాటగనే మబ్బులు గోపురములవలె లేచును. సాయంకాలమునకు మొదట ధూళి, పిమ్మట ఈదురుగాలి, ఆపైన ఉరుములు, మెరుపులు, కొన్నిచోట్ల వడగండ్లు. మామిడికాయలు నేల రాలును. యాసంగి ధాన్యము కల్లములలోనే తడిసిపోవును. చెట్టు క్రిందికి చేరిన గొఱ్ఱెల కాపరి మీద పిడుగు పడును. మన దేశమున ఏటేట రెండువేలమందికి పైగా పిడుగుపాటున మరణించుచున్నారు. 2018 ఏప్రిల్ 24వ తేదీన పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశములో 13 గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు పడినట్లు ఆ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కించినది. 2024 మే 26న వచ్చిన గాలివానకు తెలంగాణలో పదిమందికి పైగా చనిపోగా, వారిలో పలువురు పూర్వపు పాలమూరులో భాగమైన నాగర్‌కర్నూల్ జిల్లావారే.

శ్రీవిష్ణుపురాణము షష్ఠాంశములో పరాశర మహర్షి మైత్రేయునకు తాపత్రయమును వివరించుచు, చలి, వేడిమి, గాలి, వాన, పిడుగు మొదలగువాని వలన కలుగు దుఃఖము ఆధిదైవికమనియు, మృగములు, పక్షులు, పాములు, మనుష్యులు మొదలగు ప్రాణుల వలన కలుగునది ఆధిభౌతికమనియు, దేహమునందును మనస్సునందును పుట్టునది ఆధ్యాత్మికమనియు విభజించి చెప్పెను. ఈ విభజన కేవలము శాస్త్రవిచారము కొరకు చేసినది కాదు. ఏ దుఃఖమును సహింపవలెను, ఏ దుఃఖమును నివారింపవలెను, దేనికి తన్ను తాను నిందించుకొనవలెను అను వివేకమునకు అది ఆధారము. పిడుగు పడుటకు ఏ మానవుని నిందింపగలము? వడగాడ్పునకు ఎవరి మీద నేరము మోపగలము?

అయితే అడవిలో రేగు కార్చిచ్చు ఈ మూడింటిలో ఏ కోవకు చెందును?

దీనికి సమాధానము వెదకుటకు ముందు ఆ అడవిని కొంత తెలిసికొనుట మంచిది. కృష్ణానదికి ఉత్తరపు గట్టున అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతముల నుండి నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు వరకు వ్యాపించియున్నది నల్లమల. అహోబిల నృసింహుడు వెలసినదియు ఈ పర్వతశ్రేణిలోనే. ఆ స్వామి తమ ఆడపడుచైన చెంచులక్ష్మిని పెండ్లాడెనని చెంచులు నేటికిని చెప్పుకొందురు. శ్రీశైలము, నాగార్జునసాగరముల పేరిట 1983లో ఏర్పడిన పులుల అభయారణ్యములో తెలంగాణ వైపు భాగము రాష్ట్ర విభజన తరువాత అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే.

ఇది ఆకురాలు అడవి. టేకు, నల్లమద్ది, ఏపి, తునికి, ఇప్ప, మోదుగు, వెదురు ఇందలి ముఖ్య వృక్షజాతులు. మాఘము దాటునప్పటికి చెట్లు మోడులగును. రాలిన ఆకు మోకాలి లోతున పేరుకొనును. వానలలో నిలువెత్తు పెరిగిన బోదగడ్డి ఎండి గలగలలాడును. అప్పటి నుండి తొలకరి వరకు ఆ అడవి ఒక నిప్పురవ్వ కొరకు కాచుకొని యున్నట్లే యుండును. అంటుకొన్న మంట సాధారణముగా నేలబారున ప్రాకును, కొమ్మలకెక్కదు. దళసరి బెరడుగల పెద్ద చెట్లు బ్రతికి బయటపడును. అందువలన దూరము నుండి చూచువారికి అడవికి ఏమియు కాలేదనిపించును. కాని ఆ ఏడు మొలచిన మొలకలన్నియు మాడిపోవును. నేల మీద గ్రుడ్లు పెట్టు నెమళ్లు, కౌజులు, పరుగెత్తలేని తాబేళ్లు, పురుగులు బూడిదయగును. ఇట్లు ఏటేట జరిగిన అడవిలో ముసలిచెట్లు మాత్రమే మిగిలి, వాని స్థానమున నిలువవలసిన పిల్లచెట్లు కానరావు. ఆకుల కప్పు పోయిన నేల మీద మొదటి గాలివాన పడగనే పైమట్టి కొట్టుకొనిపోయి వాగులగుండ కృష్ణను చేరును. అడవి మంట పూడికయై జలాశయముల అడుగున నిలుచుట చాలమంది గమనింపని విషయము.

ఈ మంటను దైవము రేపునా? మెరుపు వలనను అడవులంటుకొనుట కలదు. అయితే మన దేశమున కార్చిచ్చులలో అధికభాగము మనుష్యుని చేతి నుండియే పుట్టుచున్నవని అటవీశాఖవారి నిర్ణయము. తునికాకు లేత చిగురు బాగుగా వచ్చునని పొదలను కాల్చుట కలదు. రాలిన ఇప్పపూవు ఏరుకొనుటకు వీలుగా చెట్టు క్రింది ఆకును తగులబెట్టుట కలదు. తేనెపట్టుకు పొగబెట్టిన కాగడా జారిపడును. బాటసారి పారవేసిన బీడీముక్క ఉండును. వీనితోపాటు యాత్రికులు అన్నము వండుకొని విడిచిపోయిన పొయ్యి కూడ ఉండును.

తునికాకు కోయువాని పొట్ట ఆ ఆకు మీద ఆధారపడి యున్నది. ఇప్పపూవు ఏరు వృద్ధురాలికి అది సంవత్సరపు ఆదాయములో ఒక భాగము. వారు చేయునది తప్పు కాదని కాదు. కాని ఆ తప్పు వెనుక ఆకలి కలదు. పైగా ఆ మంటకు మొదట బలియగువారు వారే. 2021 మార్చిలో నల్లమలలో జిగురు సేకరించుటకు వెళ్లిన కొందరు చెంచులు మంటలలో చిక్కుకొని ఒడలు కాలి ఆసుపత్రుల పాలైరి. వేసవి నెలలలో అగ్నిరేఖలు తీర్చి, చెట్టుకొమ్మలతో కొట్టి మంటలార్పు కావలివారిలోను చెంచులు కలరు. యాత్రికుని స్థితి వేరు. అతడు ఆకలికై అడవికి రాలేదు, పుణ్యమునకై వచ్చెను. కాబట్టి అతని పొయ్యిని గూర్చి ప్రత్యేకముగా విచారింపవలసి యున్నది.

నల్లమలలోని సలేశ్వరము చైత్రపూర్ణిమకు జరుగు జాతరకు ప్రసిద్ధి. అది శివక్షేత్రమైనను హరిహరభేదము పాటింపని పల్లెజనము వేలాదిగా తరలి వత్తురు. ఆ కొద్దిరోజులు అడవి మిక్కిలి పొడిగా నుండు కాలమే. వైష్ణవక్షేత్రముల విషయమును ఇంతే. వైశాఖ శుద్ధ చతుర్దశినాటి నృసింహ జయంతికి యాదగిరిగుట్టకును, కృష్ణాతీరమందలి మట్టపల్లికిని, కృష్ణామూసీ సంగమమున ఉన్న వాడపల్లికిని, దూరమైన అహోబిలమునకును కుటుంబములతో పయనమగు కాలము సరిగా ఇదే. ఒక కుటుంబము దారిలో చెట్టునీడన ఆగి, మూడు రాళ్లు పేర్చి, పుల్లలు ఏరి, పులగము వండి, ముందుగా స్వామికి నివేదించి, తరువాత ప్రసాదముగా భుజించినదనుకొందము. అందులో లోపమేమున్నది? అంతయు శాస్త్రసమ్మతమే. పిమ్మట వారు చేతులు కడిగికొని, గోవిందనామము పలుకుచు ముందుకు సాగిరి. పొయ్యిలో మంట లేదు. తెల్లని బూడిద మాత్రమే కనబడుచున్నది.

బూడిద క్రింద నిప్పు చావదని పూర్వపు గృహిణులకు బాగుగా తెలియును. అగ్గిపెట్టె ఖర్చు తప్పించుటకు రాత్రి పిడక నిప్పును బూడిదతో కప్పి యుంచి, తెల్లవారి దానినే ఊది పొయ్యి రాజేసికొనెడివారు. గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత ఈ జ్ఞానము ఇండ్లలో తగ్గినది. మధ్యాహ్నము విడిచిన ఆ కప్పటి నిప్పు సాయంకాలము వరకు ఉండును. అంతలో పైన చెప్పిన గాలివాన లేచును. వాన చుక్క పడుటకు ముందే మబ్బు నుండి చల్లని గాలి క్రిందికి దూకి నేల మీద అన్ని దిక్కులకు పరుగెత్తును. అది బూడిదను ఎగురగొట్టి, కణికను రాజేసి, గడ్డిలోనికి చేర్చును. తరువాత వాన పడవచ్చును, పడకపోవచ్చును. అప్పటికి ఆ కుటుంబము స్వామిసన్నిధిలో హారతి కన్నుల కద్దుకొనుచుండును. వెనుక ఏమి జరిగినది వారికి ఎన్నటికిని తెలియదు.

మహాభారతము ఆశ్రమవాస పర్వములో దాదాపు ఇదే జరిగినది. యుద్ధానంతరము వానప్రస్థమునకు వెళ్లిన ధృతరాష్ట్రుడు గాంధారీ కుంతీ సంజయులతో గంగాద్వార ప్రాంతమున ఉగ్రతపస్సు చేయుచుండెను. ఒకనాడు గంగలో స్నానమాడి మరలివచ్చుచుండగా గాలి లేచినది. అడవి నలుదిక్కుల మండినది. ఉపవాసములచే కృశించినవారు పరుగెత్తజాలరు. వృద్ధరాజు సంజయుని తప్పించుకొని పొమ్మని పంపి, ఆ ఇరువురు స్త్రీలతో తూర్పుముఖముగా కూర్చుండి అగ్నికాహుతి యయ్యెను. ఈ వార్తను నారదుడు చెప్పగా విని ధర్మరాజు విలపించిన తీరు గమనింపదగినది. మంత్రపూతములైన అగ్నులుండగా తన పెదతండ్రి దిక్కులేని మంటలో పడి మరణించెనే యని ఒక దుఃఖము. ఖాండవమున అర్జునుడు తృప్తిపరచిన అగ్నిదేవుడు ఆ మేలు మరచి అర్జునుని తల్లినే దహించెనే యని మరియొక దుఃఖము.

నారదుడు ఇట్లు సమాధానపరచెను: అది వృథాగ్ని కాదు. రాజు అడవికి పోవునప్పుడు ఇష్టి చేయించి అగ్నులను విడిచెను. యాజకులు ఆ అగ్నులను నిర్జనారణ్యములో వదలి తమ దారిని తాము పోయిరి. ఆ నిప్పే పెరిగి అడవినంటుకొనెను. కావున రాజు తన అగ్నిలోనే కలిసెను.

ఈ మాట పుత్రునివంటివానిని ఓదార్చుటకు చెప్పినది, ఓదార్పుగా అది సంపూర్ణము. కాని అందులో దాగిన సత్యమును మరువరాదు. అరణ్యమును కాల్చినది రాక్షసుడు వేసిన నిప్పు కాదు, శత్రువు వేసినది కాదు. మంత్రములతో ఆవాహనము చేసి, హవిస్సులతో పూజించిన నిప్పది. దానిని వెలిగించుటలో దోషము లేదు, అర్చించుటలో లేదు. విడిచిన తీరులోనే ఉన్నది. ప్రాణులు ఆ మంటలో ఎన్ని పడెనో లెక్క లేదు. అంధుడైన రాజును, కనులకు గంతలు కట్టుకొన్న రాణియు, పాండవుల తల్లియు అందులో ఉండిరి గనుక ఆ మంట చరిత్రకెక్కినది. నారదుని వాక్యము ధర్మజునకు ఊరట. యాజకులకు విడుదల కాదు.

తెలియక చేసినదానికి పాపమెట్లు అను ప్రశ్న ఇచట సహజముగా వచ్చును. ఆదిపర్వములోని మాండవ్యుని కథ దీనికి సమీపమైనది. బాల్యములో పురుగులను దర్భపుల్లతో గ్రుచ్చిన దోషమునకు ఆ మహర్షి శూలారోహణ బాధ ననుభవించెను. ఇంత చిన్న తప్పునకు అంత దండన యేమని యమధర్మరాజును నిలదీసి, శూద్రగర్భమున పుట్టుమని శపించెను. విదురుని జన్మకు కారణమదియే. పదునాలుగేండ్లు నిండువరకు చేసినది పాతకము కాదని ఒక హద్దును గూడ ఏర్పరచెను. ధర్మదేవతనే శపింపగల్గిన ఆ మహర్షి కూడ తెలియనితనమునకు హద్దు లేకుండ చేయలేదు. పసితనము వరకే ఆ మినహాయింపు. పెరిగిన వానికి తెలియకపోవుట వేరు, తెలిసికొనుటకు ప్రయత్నింపకపోవుట వేరు. ఎండుగడ్డిలో నిప్పు పడిన ఏమగునో తెలియని గృహస్థుడు లేడు. అతనికి తెలియనిది ఫలితము చూచుభాగ్యము మాత్రమే.

ఖాండవదహనమును చూపి వాదించువారుందురు. సాక్షాత్తు శ్రీకృష్ణుడు రథము మీద నుండగా, ఇంద్రుడు కురిపించిన వానను బాణములతో అడ్డగించి అర్జునుడు ఒక అడవినే కాల్పించెను గదా, మరి ఒక పొయ్యినిప్పుకు ఇంత విచారమేల యని వారి మాట. భగవల్లీలను మానవుని అజాగ్రత్తకు ప్రమాణముగా తెచ్చుట తగదని ఒక్కమాటలో త్రోసివేయవచ్చును. కాని భారతమే అంత సులభముగా ఆ దహనమును మరచిపోలేదు. ఆ మంటనుండి తల్లిని కోల్పోయి బయటపడిన అశ్వసేనుడను నాగము ఏండ్లు గడచిన పిమ్మట కురుక్షేత్రమున కర్ణుని అమ్ములో చేరి అర్జునుని కంఠమునకు గురియైనది. కృష్ణుడు రథమును నేలకు క్రుంగద్రొక్కుటచే కిరీటము పోయి ప్రాణము దక్కినది. ధర్మరాజు శోకములోను ఖాండవమే మరల వినిపించినది. భగవంతుడు ప్రక్కన నిలిచి చేయించిన దహనమునకే ఇంత వెనుకతీగె ఉన్నది.

భాగవతములోని ప్రచేతసుల కథ యాత్రికులకు మరింత సన్నిహితము. ప్రాచీనబర్హి కుమారులైన ఆ పదుగురు సముద్రజలములలో చిరకాలము తపస్సు చేసి శ్రీహరి దర్శనమును, వరములను పొందిరి. నీటి నుండి వెలువడి చూడగా భూమినంతటిని చెట్లు కప్పివేసి యుండెను. కోపముతో వారు ముఖముల నుండి అగ్నిని, వాయువును విడిచి వృక్షములను దహింపసాగిరి. ఓషధులకు రాజైన చంద్రుడు అడ్డుపడి, దీనములైన ఈ చెట్లకు ద్రోహము చేయదగదని బోధించి, వృక్షముల పుత్రికయగు మారిషను వారికిచ్చి శాంతపరచెను. దక్షుడు ఆమెకు పుట్టినవాడే. ఆశ్చర్యమేమనగా, ఆ దహనము దర్శనమునకు ముందు జరుగలేదు, దర్శనము తరువాతనే జరిగినది. స్వామిని కన్నులార చూచివచ్చినవారు కూడ వెంటనే ఆ పని చేయగలరని పురాణము దాచకుండ చెప్పినది.

భక్తుల మనస్సులలో ఇంకొక తలంపు ఉండవచ్చును. గోపబాలురు వేసవిలో ఆవులను వెదకుచు ముంజాటవిలో దావాగ్ని నడుమ చిక్కినపుడు శ్రీకృష్ణుడు కన్నులు మూసికొనుడని చెప్పి ఆ మంటను మ్రింగివేసెను. శరణన్నవారిని నేడును అట్లే కాపాడడా? తప్పక కాపాడును. కాని ఆ గోపాలురు నిప్పు పెట్టినవారు కారు. శరణాగతికి ఆరు అంగములను పూర్వాచార్యులు చెప్పిరి. స్వామికి ప్రతికూలమైనదానిని విడుచుట వానిలో ఒకటి. నిప్పును విడిచి, ప్రతికూలమును విడువక, రక్షణమును మాత్రము కోరువానికి ఆ ఆరింటిలో ఒకటి తగ్గినది.

పరాశరుని విభజనలో ఇంకొక చిక్కు ఈ కాలమున వచ్చిపడినది. ఎండ ఆధిదైవికమని ఆయన చెప్పినప్పుడు మనుష్యుని చేయి దానియందు లేదు. నేడు బొగ్గు, చమురు మండించిన పొగ వలన భూమండలపు సగటు ఉష్ణము యంత్రయుగమునకు ముందున్న దానికన్న ఒక డిగ్రీకి పైగా పెరిగినదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కొలతలు మొదలైనప్పటి నుండి 2024 అత్యంత వేడిమిగల సంవత్సరమైనది. 2019-20లో ఆస్ట్రేలియా అడవులు, 2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ పరిసరములు కాలిన సంగతి పత్రికలలో చదివినవారికి గుర్తుండును. పాలమూరు కూలీ నెత్తిన కాయు ఎండలో ఎక్కడెక్కడివారో విడిచిన అగ్ని కొంత కలదన్నమాట. ఆధిదైవికమునకు, ఆధిభౌతికమునకు నడుమ నున్న గోడ ఇట్లు పలుచబడుచున్నది. ఇది విశాలమైన విషయము. ఒక కుటుంబము దానిని సరిదిద్దజాలదు. మూడురాళ్ల పొయ్యి మీద చెంబెడు నీళ్లు పోసి, మట్టి కప్పి, చేయి పెట్టి చల్లారినదో లేదో చూచుట మాత్రము చేయగలదు.

వాడపల్లి నృసింహుని గర్భాలయములో రెండు దీపములు వెలుగుచుండును. స్వామి ముఖమునకు సమీపమున నున్న దీపము ఉచ్ఛ్వాస నిశ్వాసములకు కదలుచుండుననియు, క్రిందనున్నది నిశ్చలముగ నుండుననియు యాత్రికులు చెప్పుకొందురు. ఆ దీపములకు నూనె పోయుటకు, వత్తి ఎగద్రోయుటకు ఒక అర్చకుడు ఎల్లప్పుడు కలడు. ఉగ్రమూర్తికి పానకము, వడపప్పు సమర్పించి చల్లబరచు సంప్రదాయమును గృహస్థులందరు ఎరిగినదే. వైశాఖములో బాటసారులకు చలివేంద్రము పెట్టి నీరు, మజ్జిగ ఇచ్చుట ఈ జిల్లాల పల్లెలలో ఇప్పటికిని చూడనగును. ఆ చలివేంద్రపు కడవ నుండి తనతో ఒక చెంబు నీరు అదనముగా తీసికొనిపోవుట యాత్రికునకు పెద్ద భారము కాదు. అడవిలో దాని అవసరము దాహమునకే పరిమితము కాదు.

నారదుని మాటలు విన్న పిమ్మట ధర్మరాజు తమ్ములతోను, అంతఃపుర స్త్రీలతోను గంగకు పోయి తర్పణములు విడిచెను. గంగాద్వారమునకు మనుష్యులను పంపి అస్థులకు జరుపవలసిన క్రియలు జరిపించెను. పండ్రెండవ దినమున శ్రాద్ధము పెట్టి, పేరుపేరున దానములిచ్చెను. అగ్నిని అడవిలో వదలి తమ దారిని పోయిన యాజకులకు ఆ వార్త చేరినదో లేదో ఆ పర్వము చెప్పలేదు. వారి పేర్లును అందు లేవు.